ఐసులో పెట్టిన రక్తం

నిఖితకి కడుపునొప్పి మార్చిలో మొదలైంది. పరీక్షల భయం అనుకున్నాను. ఏప్రిల్‌కి జ్వరం తోడైంది. రోజూ నాలుగు దాటాక ఒళ్ళు వెచ్చబడేది, ఎనిమిదింటికి చెమట పట్టి దిగిపోయేది. నేను పాత నోట్‌బుక్‌లో తేదీ, వేళ, థర్మామీటరు చూపించిన అంకె రాసిపెట్టేదాన్ని. మే రెండో వారానికి పిల్ల ఆరు కేజీలు తగ్గింది. అప్పటికి దానికి పదమూడేళ్ళు నిండాయి. స్కూలు స్కర్టుకి నడుము దగ్గర రెండు పిన్నీసులు పెట్టినా నిలవడం లేదు.

గాజువాకలో మా ఇంటికి దగ్గరున్న నర్సింగ్ హోంలో చేర్చాం. అక్కడికి వచ్చే పేగుల డాక్టరు ఉమాశంకర్ గారు గొట్టం వేసి చూశారు. చిన్న పేగు, పెద్ద పేగు కలిసే చోట పుండ్లున్నాయన్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే ఆ రిపోర్టు ఎటూ తేల్చలేదు.

"రెండు జబ్బులు చూడ్డానికి ఒకేలా ఉంటాయమ్మా," అన్నారాయన, మందుల చీటీ వెనకవైపు పేగు బొమ్మ గీస్తూ. "ఒకటి పేగుకొచ్చే టీబీ. రెండోది, ఒంట్లో మనల్ని కాపాడాల్సిన కణాలే దారితప్పి పేగు మీద పడటం. రెండోదానికి స్టెరాయిడ్లు ఇవ్వాలి. కానీ ఉన్నది టీబీ అయ్యుండి మనం స్టెరాయిడ్లిచ్చామంటే, అది ఒళ్ళంతా పాకిపోతుంది. పిల్ల దక్కడం కష్టం. అందుకే అడుగుతున్నాను. ఈ పాప పుట్టాక మీ ఇంట్లో ఉన్నవాళ్ళెవరికైనా టీబీ ఉందా? బాగా ఆలోచించి చెప్పండి."

మా ఆయన ఆలోచించలేదు. "లేదండీ. మా వంశంలోనే లేదు," అన్నారు.

డాక్టరుగారు నావైపు చూశారు. నేను కాగితం మీది పేగు బొమ్మ చూస్తూ ఊరుకున్నాను.

మా బావగారి పేరు భీమశంకరరావు. మా ఆయనకి ఒక్కరే అన్నగారు. తూర్పుగోదావరి నుంచి ముందు ఆయనే విశాఖపట్నం వచ్చి హార్బరు దగ్గర ఒక ప్రైవేటు క్యాంటీన్లో వంటవాడిగా కుదురుకున్నారు. ఆ తర్వాత తమ్ముణ్ణి పిలిపించి, తన గదిలో పెట్టుకుని, స్టీల్ ప్లాంట్లో ఉద్యోగం వచ్చేదాకా తిండి పెట్టారు. ఆ సంగతి మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటారు. దాని తర్వాతి సంగతే చెప్పరు.

తొంభైతొమ్మిది శ్రావణంలో బావగారికి దగ్గు పట్టుకుంది. పెద్దాసుపత్రిలో టీబీ అని తేల్చారు, మాత్రలు రాశారు. వంటవాడికి టీబీ అని తెలిస్తే క్యాంటీన్ వాళ్ళు గుమ్మం ఎక్కనివ్వరు. ఆయనుండే వరసగదుల్లో అందరూ క్యాంటీన్ మనుషులే, మాత్రలు మింగినా తెలిసిపోతుంది. అందుకని ఉబ్బసం అని చెప్పి సెలవు పెట్టించి మా ఆయన ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చారు. వెనకగదిలో మంచం వేశాం. పగలు తమ గది చూసుకుని రాత్రికి మా తోడికోడలూ వచ్చేది; ఆవిడకీ ఉబ్బసం అనే చెప్పాం. రెండు నెలలు మాత్రలు మింగారు, దగ్గు తగ్గింది, నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నారు. ఒకరోజు మాత్రలు ఇచ్చేచోట వరసలో నిలబడి ఉండగా క్యాంటీన్ మనిషి ఒకడు ఆ దారిన పోతూ కనిపించాడట. ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకున్నారు. తగ్గిపోయింది కదా, ఇంక చాలనుకున్నారు. నేను వంటింట్లో ఉండి విన్నాను. దగ్గు మళ్ళీ తిరగబెట్టింది, ఫిబ్రవరిలో ఆయన పోయారు. చుట్టాలందరికీ ఉబ్బసం అనే చెప్పాం.

నేను కాకినాడలో జువాలజీ చదివినదాన్ని. ఆ జబ్బు ఎలా అంటుకుంటుందో పరీక్షలో రెండు పేజీలు రాసినదాన్ని. ఆయన కంచం, గ్లాసు వేరే పెట్టాను. రోజూ మరుగుతున్న నీళ్ళలో వేసి తీసేదాన్ని. ఆయన పక్కబట్టలు విడిగా ఉడకబెట్టేదాన్ని. అంత చేసినదాన్ని, మధ్యాహ్నం మూడున్నరకి స్కూలు నుంచి వచ్చే ఏడేళ్ళ పిల్ల నేరుగా వెళ్ళి ఆయన మంచమెక్కి అష్టాచమ్మా ఆడుతుంటే ఊరుకున్నాను. ఆయన ముఖం తిప్పుకుని దగ్గేవారు. అది ఆయన వీపు మీద చెయ్యేసి నిమిరేది. ఇద్దరూ గవ్వల కోసం దెబ్బలాడుకునేవాళ్ళు. కిటికీ తెరిస్తే దుమ్మొస్తుందని నేనే మూసి ఉంచేదాన్ని. ఆ గంటా నాకు కునుకు దొరికేది. అందుకే ఊరుకున్నాను.

ఆయనకి వేణ్ణీళ్ళు కావాలంటే గ్లాసుని చెంచాతో కొట్టేవారు. పిలిస్తే దగ్గొస్తుందని. రెండుసార్లు కొట్టి ఆగేవారు. నేను వెంటనే వెళ్ళకపోతే మళ్ళీ రెండుసార్లు.

నిఖితని నర్సింగ్ హోంలో చేర్చిన మూడో రోజు మధ్యాహ్నం పథ్యం వండడానికి ఇంటికొచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. బార్లీ జావ దించుతుంటే వెనకగదిలోంచి ఆ చప్పుడు వినిపించింది. రెండుసార్లు. వెళ్ళి చూశాను. ఆరేళ్ళుగా అది సామాన్ల గది. బియ్యం బస్తా, పాత పరుపు, మడతమంచం. స్టీలు వస్తువు ఒక్కటీ లేదు. పిల్లి అనుకుందామంటే కిటికీ మూసే ఉంది. జావ గిన్నెలో పోసుకుని, మూత పెట్టి, బయల్దేరాను. తాళం వేస్తుండగా మళ్ళీ రెండుసార్లు.

ఆ మర్నాడు ఉమాశంకర్ గారు కొత్తరకం పరీక్ష ఒకటుందన్నారు. బీచి వైపు ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన కోసం చేస్తున్నారట. టీబీ క్రిమి కనిపించకపోయినా, రక్తంలోని తెల్లకణాలు దాన్ని ఎప్పుడైనా ఎదుర్కొన్నాయో లేదో చెప్పగలరట.

"అదొక్కటే చూసి నిర్ణయించలేం. కానీ ఎటూ తేలని ఇలాంటప్పుడు ఒకవైపు మొగ్గడానికి పనికొస్తుంది. శాంపిల్ మీరే పట్టుకెళ్ళాలి. ఎండ తగలకుండా, తొందరగా," అన్నారు.

మా ఊళ్ళో అది మామూలే. రక్తమైనా, తీసిన ముక్కైనా, డాక్టరు చేతికిస్తే రోగి తరఫువాళ్ళే ల్యాబుకి మోసుకెళ్తారు. మా ఆయనది ఆ వారం పొద్దుటి షిఫ్టు. నేనే తీసుకున్నాను. చిన్న గొట్టం, పచ్చమూత, మీద నిఖిత పేరు. పట్టుకుంటే వెచ్చగా ఉంది.

బయట పదకొండు గంటల ఎండ. గాజువాక నుంచి బీచికి బస్సులో గంట పైమాటే. మా ఇంట్లో పాలు విరగవు, పెరుగు పులవదు, ఇడ్లీపిండి పొంగి కిందపడదు. ఆ పేరు నాకుంది. రక్తం ఎండకి పాడైపోతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదనుకున్నాను.

నర్సింగ్ హోం మలుపులో చిలకమ్మ గంప దించుకుని కూర్చుంది. జాలరిపేట నుంచి రోజూ మొదటి బస్సుకి చేపలు తెచ్చి ఆ మూల అమ్ముతుంది. పదేళ్ళుగా మా ఇంటికీ వస్తుంది.

"ఏటమ్మా, మండిపోతంటే ఎక్కడికెల్తన్నావు? పాపకెలాగుంది?"

"అలాగే ఉంది. నీ దగ్గర ఐసుందా?"

"ఐసా? సేపలేటి వొద్దు గానీ ఐసు కావాలా? ఇయ్యాల బేరం బాగుంది."

"రక్తం తీసుకెళ్ళాలి, పరీక్షకి. ఎండకి పాడైపోకుండా."

చిలకమ్మ నా చేతిలోని గొట్టం చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! పాప రగతమా? దానికైసెడతావా?"

"పెట్టాలి."

"సేపంటే సచ్చింది గనక ఐసెడతాం. బతికున్న పిల్ల రగతానికి ఐసెందుకమ్మా?"

"నీకు తెలీదులే. ఇవ్వు."

"నాకేటి తెల్దు మరి. సదువుకున్నోలివి, నువ్వే సెప్పాల." గంప కింది థర్మాకోల్ పెట్టెలోంచి ఐసుముక్కలు తీసి ప్లాస్టిక్ కవర్లో పోసి మూతి బిగించి కట్టింది. "నీసు వోసనొస్తాది. నన్నంటే ఊరుకోను."

నేను గొట్టానికి విడిగా ఇంకో కవరు చుట్టి, ఐసు మధ్యలో నిలబెట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేశాను. బస్సులో డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాళ్ళకి చల్లగా తగులుతుంటే నిశ్చింతగా అనిపించింది.

ల్యాబు మెట్ల మీద డబ్బా తెరిచి చూస్తే కవరంతా తడి. పేరు రాసిన సిరా చెరిగిపోతుందేమోనని, నీచు వాసన వస్తుందేమోనని, గొట్టాన్ని చీరచెంగుతో శుభ్రంగా తుడిచాను. ఐసు పక్కనున్న కాలవలో పారబోశాను. తుడిచి, కాసేపు గుప్పిట్లో పట్టుకుని, అప్పుడు కౌంటర్లో ఇచ్చాను. అక్కడి అమ్మాయి పేరు చూసి స్టాండులో పెట్టింది.

కాసేపటికి ఆశాజ్యోతి గారు కాగితం పట్టుకుని వచ్చారు. ఆ ల్యాబు చూసే డాక్టరు ఆవిడే. నా వయసే ఉంటుంది. నిదానంగా మాట్లాడతారు. పాప వివరాలు రాసుకుని, "టీబీ ఉన్నవాళ్ళెవరైనా ఇంట్లో ఉన్నారా?" అని అడిగారు.

"లేరండీ." మా ఆయన అన్నమాటే అన్నాను.

రక్తంతో ఏం చేస్తారని అడిగాను. నేను డిగ్రీలో ఇదే చదివానని చెప్పేసరికి ఆవిడకి హుషారొచ్చింది.

"మూడు వాటాలు చేస్తాం. ఒకటి అలాగే ఉంచుతాం. రెండోదానికి టీబీ క్రిమిలోని చిన్న ముక్కలు చూపిస్తాం. క్రిమి కాదు, దాని ఆనవాలు మాత్రమే. మూడోదానిలో ఎలాంటి కణాన్నైనా తట్టి లేపే మందు వేస్తాం. రాత్రంతా ఒంటి వేడి దగ్గర ఉంచుతాం. ఇదివరకు ఆ క్రిమిని చూసిన కణాలుంటే, ఆనవాలు కనపడగానే మేలుకుంటాయి. వాటి ఒంటి మీద కొన్ని గుర్తులు తేలతాయి. ఆ గుర్తులకి రంగులు అంటించి మిషన్లో లెక్కపెడతాం."

"ఎన్నేళ్ళ కిందట చూసినా?"

"చాలాకాలం గుర్తుంటుంది వాటికి. మనం మర్చిపోయినా అవి మర్చిపోవు. కాకపోతే బతికుండాలి. చచ్చిన కణం ఏ మాటా చెప్పదు. అందుకే దారిలో వేడెక్కకూడదు, చల్లబడకూడదు. మామూలుగా చేత్తో పట్టుకొస్తే చాలు."

నా చీరచెంగు ఇంకా తడిగా ఉంది. దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. గంటే కదా, ఏమీ కాకపోవచ్చు అనుకున్నాను. లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక చిలకమ్మ అడిగింది గుర్తొచ్చింది.

రెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం ఇంటికి రావాలంటే భయం వేసేది. వచ్చినప్పుడల్లా వీధితలుపు తీసి ఉంచి వంట చేసేదాన్ని. మూడు దాటితే వినిపించేది. చప్పుడు కంటే, రెండోసారి కొట్టాక వచ్చే నిశ్శబ్దం భరించలేకపోయేదాన్ని. నేను లేచి వస్తానని ఎదురుచూస్తున్నట్టుండేది.

గురువారం ఆశాజ్యోతి గారు ఫోన్ చేశారు.

"కామేశ్వరి గారూ, మూడు వాటాల్లోనూ ఏ కణమూ మేలుకోలేదండీ. తట్టి లేపే మందు వేసినదాంట్లో కూడా. నాకు ఆశ్చర్యంగా ఉంది. దారిలో ఏమైనా చల్లబడిందా? ఐసులో గానీ, ఫ్రిజ్‌లో గానీ పెట్టారా?"

"లేదండీ," అన్నాను.

నేను ఆలోచించి అనలేదు. ఎవరైనా కూరలో ఉప్పెక్కువైందా అంటే ఎలా అంటానో అలాగే అన్నాను. అనేశాక వెనక్కి తీసుకోవడానికి ఒక నిమిషం దొరికింది. ఆవిడ కాగితాలేవో తిప్పుతున్నారు.

"అయితే పాపలోనే కణాలు బాగా నీరసించి ఉన్నాయనుకోవాలి. ఉమాశంకర్ గారికి అదే చెప్తాను. తేలలేదని రాసిస్తాను."

సాయంత్రం రౌండ్లకి వచ్చినప్పుడు ఉమాశంకర్ గారు మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. నిఖిత కళ్ళు మూసుకుని ఉంది. దాని చేతికి సూదిగుచ్చిన చోట్లన్నీ కమిలిపోయాయి.

"పరీక్ష ఏమీ తేల్చలేదు. కణాలు ఇంత నీరసంగా ఉన్నాయంటే వాటి పని గాడి తప్పిందనుకోవాలి. ఇంట్లో టీబీ లేదని మీరిద్దరూ చెప్తున్నారు. నేనింక ఆగలేను, పిల్ల ఆగలేదు. రేపు పొద్దున్న రౌండ్లయ్యాక స్టెరాయిడ్ మొదలుపెడదాం," అన్నారు.

పక్కింటి నీలిమని నిఖిత దగ్గర కూర్చోబెట్టి నేనూ మా ఆయనా ఇంటికొచ్చాం. ఇంకా వెలుతురుంది. ఆయన బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డారు.

"రేపు డాక్టరుగారికి బావగారి సంగతి చెప్తాను," అన్నాను.

"ఏం సంగతి?"

"ఆయనకున్న జబ్బు సంగతి."

"అన్నయ్యది ఉబ్బసమే."

"నా దగ్గర కూడానా?"

ఆయన గొంతు తగ్గించారు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, అయినా తగ్గించారు. "వదిన అదే క్యాంటీన్లో కూరలు తరుగుతోందే. అన్నయ్య పోయాక వాళ్ళు పిలిచి ఇచ్చిన పని. ఈ మాట బయటపడితే ఆవిణ్ణి అక్కడ ఉండనిస్తారా? అయినా ఆ కొత్త పరీక్షలో ఏమీ లేదనేగా వచ్చింది!"

"లేదని రాలేదు. తేలలేదని వచ్చింది. నేను రక్తాన్ని ఐసులో పెట్టి తీసుకెళ్ళాను. కణాలు చచ్చిపోయాయి."

ఆయన తలెత్తి చూశారు. "నువ్వా?"

"నేనే. డాక్టరమ్మ అడిగితే పెట్టలేదని చెప్పాను."

ఆయన చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ అర్థం కాదు. "కాఫీ గ్లాసు మీద వేలిముద్ర ఉంటే మళ్ళీ కడిగించే మనిషివి. నువ్వు..." అని ఆగిపోయారు.

అప్పుడు వినిపించింది. రెండుసార్లు. ఆగి, మళ్ళీ రెండుసార్లు.

నేను కదల్లేదు. మా ఆయన లేచి, వెనకగది దాకా వెళ్ళి, తలుపు లాగి గొళ్ళెం పెట్టి వచ్చారు. వచ్చి అదే కుర్చీలో కూర్చుని, "పైపులో గాలి," అన్నారు. ఆయనకి కూడా వినిపిస్తోందని నాకప్పుడే తెలిసింది.

శుక్రవారం పొద్దున్న ఆయనతో చెప్పకుండానే బయల్దేరాను. ఉమాశంకర్ గారు అప్పుడే లోపలికి వచ్చారు. బల్ల మీద ట్రేలో దూది, సూది, చిన్న సీసా సర్ది ఉన్నాయి. సిస్టరు సెలైన్ మారుస్తోంది. నేను బయటికి రమ్మనలేదు. అక్కడే, ఆ అమ్మాయి వింటుండగానే చెప్పాను. ముందు ఐసు సంగతి చెప్పాను, అది సులువు. తర్వాత బావగారి సంగతి.

"ఎన్నాళ్ళున్నారు మీ ఇంట్లో?"

"ఏడు నెలలండీ. మాత్రలు రెండు నెలలే వాడారు."

"పాప?"

"రోజూ సాయంత్రం ఆయన మంచం మీదే ఉండేది. కిటికీ మూసి ఉండేది."

ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. నన్ను తిట్టలేదు. ట్రే వైపు వేలు చూపించారు. "ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే అది పాప ఒంట్లో ఉండేదమ్మా." సిస్టరు వైపు తిరిగి, "తీసెయ్యండి," అన్నారు. "ఆ మనిషి పేరేమిటి? కేసుషీట్లో రాయాలి."

మా బావగారి పేరు నా నోటికి రాలేదు. తోడబుట్టినవాడి ఎదుట కాకుండా ఆ పేరు చెప్పడం దొంగతనంలా అనిపించింది. గుమ్మం దగ్గర్నుంచి మా ఆయన గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చారో తెలీదు. షిఫ్టు మధ్యలో వచ్చేసినట్టున్నారు, యూనిఫాంలోనే ఉన్నారు.

"మా అన్నయ్యండీ. భీమశంకరరావు. క్షయతోనే పోయాడు," అన్నారు. టీబీ అనలేదు, క్షయ అన్నారు. మా అత్తగారి కాలం మాట. అని, గోడకి ఆనుకుని నిలబడి ఏడ్చారు. సిస్టరు కుర్చీ జరిపింది, ఆయన కూర్చోలేదు.

మళ్ళీ రక్తం తీశారు. ఈసారి గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని, చెంగు కప్పి, ఆటోలో వెళ్ళాను. నా చెయ్యీ అదీ ఒకే వేడిలో ఉన్నాయి. దారిలో రెండుసార్లు చెయ్యి తెరిచి చూసుకున్నాను.

ఆశాజ్యోతి గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు గొట్టాన్ని వెలుతురుకి పట్టుకుని చూశారు. "ఐసులో పెట్టి తెచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారండీ. అది చూస్తే మాకు తెలిసిపోతుంది, వెనక్కి పంపేస్తాం. మీరు శుభ్రంగా తుడిచిచ్చారు చూడండి. అది నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నారు.

శని, ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పలేను. నిఖితకి జ్వరం నూట మూడు దాటింది. సోమవారం పొద్దున్న ఆవిడ నన్ను ల్యాబులోకి పిలిచి కంప్యూటరు తెర చూపించారు. నల్లటి చుక్కలు, ఇసక చల్లినట్టు. ఒక్కో చుక్కా నిఖిత రక్తంలోని ఒక్కో కణమట. మొదటి వాటాలో చుక్కలన్నీ ఒక మూల ముద్దగా ఉన్నాయి. రెండో వాటాలో, క్రిమి ఆనవాలు చూపించినదాంట్లో, వాటిలోంచి ఒక గుంపు విడిపోయి పైకి లేచి నిలబడింది.

"ఇవి మేలుకున్నవి. దాన్ని ఎరిగినవి," అన్నారావిడ.

నేను ఆ గుంపునే చూస్తూ ఉండిపోయాను. అష్టాచమ్మా ఆడిన సాయంత్రాలన్నీ అక్కడున్నాయి. ఆయన ముఖం తిప్పుకుని దగ్గిన ప్రతి దగ్గూ అక్కడుంది. మేం ఉబ్బసం అని ఊరంతా చెప్పుకుంటున్నప్పుడు, అవి పిల్ల ఒంట్లో తిరుగుతూ ఊరుకున్నాయి.

ఉమాశంకర్ గారు ఆ రిపోర్టూ, మేం చెప్పిందీ కలిపి చూసుకుని అదే రోజు టీబీ మందులు మొదలుపెట్టారు. వెంటనే ఏమీ జరగలేదు. పదో రోజున జ్వరం నూరు దాటలేదు. మూడో వారంలో నిఖిత తనంతట తానే పప్పన్నం అడిగింది.

ఈలోగా ఆ ఇంట్లో అప్పుడున్నవాళ్ళందరి రక్తమూ కావాలన్నారు ఆశాజ్యోతి గారు. మా ఆయనా నేనూ ఇచ్చాం. మా తోడికోడలికి నేనే వెళ్ళి చెప్పాను. క్యాంటీన్ వెనక, బెండకాయలు తరుగుతూ విందావిడ. కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"మీరు ఉబ్బసం అన్నారు, నేనూ అలాగే అన్నాను. ఆయన పక్కలో పడుకున్నదాన్ని, నాకు తెలీదనుకున్నారా?" అంది. తర్వాత, "ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగింది. మర్నాడే వచ్చి చెయ్యి చాపింది.

అందరిలోకీ నా కణాలే ఎక్కువ మేలుకున్నాయి. ఎక్స్‌రేలో మచ్చ లేదు, దగ్గు లేదు. "జబ్బు కాదండీ, పరిచయం మాత్రమే. చాలామందికి ఉంటుంది. భయపడకండి," అన్నారు ఆశాజ్యోతి గారు. నాకు భయం వెయ్యలేదు. గదికి గొళ్ళెం పెట్టినంతమాత్రాన బావగారు గదిలో ఉండిపోలేదని తెలిసింది, అంతే. ఇప్పటికీ మూడు దాటితే వినిపిస్తుంది. వెళ్ళి ఆ గది కిటికీ తెరిచి వస్తాను.

జూన్ ఆఖర్లో నిఖితని ఇంటికి తెచ్చాం. ఒక మధ్యాహ్నం మందులు చేతిలో పెట్టాను. ఎర్రటి గొట్టంమాత్రని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది.

"ఏటమ్మా ఇది, ఇంత పెద్దది!"

"ఏటి కాదు, ఏమిటి. నీళ్ళు తాగి మింగు."

మింగింది. గ్లాసు నా చేతికిచ్చింది. "పెదనాన్నకి కూడా ఇదేనా?"

మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నారు. పేపరు మడిచిన చప్పుడైంది.

"ఇదే," అన్నాను. ఇంట్లో పైకి అనడం అదే మొదటిసారి.

"మరి ఆయనకి మందులివ్వలేదా?"

"ఇచ్చారు. మాత్రలు ఇచ్చేచోటికి వెళ్ళి తెచ్చుకోవాలి. ఎవరైనా చూస్తారని మేమే మాన్పించాం."

"మా స్కూలు పక్కన పసుపురంగు గోడ ఆసుపత్రి ఉంటుంది, అక్కడే కదా ఇస్తారు?"

"అప్పుడు కూడా అక్కడే."

"నాకు చెప్పాల్సిందమ్మా," అంది నిఖిత. "చిన్నపిల్లని ఎవరు చూస్తారు? రోజూ వచ్చేటప్పుడు నేనే తెచ్చేదాన్ని."